కిందపడ్డ తర్వాతి నాలుగు సెకన్లు

ఈ మధ్య న్యూజిలాండ్‌ హామిల్టన్‌లోని మా రోటోటూనా పేటలో ఏ పుట్టినరోజు విందుకు వెళ్లినా ఒకరో ఇద్దరో పిల్లలు వచ్చి నా పక్కన కూర్చుంటున్నారు. డేటా సైన్స్ చదివామంటారు, ఆటల్లో ఉద్యోగం కావాలంటారు. "అంకుల్, మీరు రగ్బీ టీంకి ప్రెడిక్షన్స్ చేసేవారట కదా, ఏ మోడల్ వాడేవారు?" అని అడుగుతారు. మోడల్ సంగతి పది నిమిషాల్లో చెప్పేయొచ్చు. అసలు చెప్పవలసింది వేరే ఉంది. అది ప్లేటులో బిర్యానీ చల్లారిపోతుండగా చెప్పగలిగింది కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

నేను చేసిన పని ఇది. స్కూలు జట్టులో పద్దెనిమిదేళ్ల కుర్రాడు బంతి చంకన పెట్టుకుని పరిగెడుతుంటే చూసి, వీడు రేపు జీతం తీసుకుని ఆడే పెద్ద జట్టులో నిలబడతాడా లేదా అని ముందే చెప్పడం. రెండువేల పది దాటాక దాదాపు ఆ దశాబ్దమంతా హామిల్టన్‌లో ఒక ప్రాంతీయ జట్టుకు నేను చేసింది అదే. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనవాళ్లు తేలిగ్గా ఒక సామెత చెప్పి పోయారు. ఆ సామెత చెప్పినాయనకు జీతమిచ్చి, ఈ వందలో ఏ పువ్వో వేలు పెట్టి చూపించు, తప్పయితే పూచీ నీదే అని ఉంటే అప్పుడు తెలిసేది.

స్కోరర్ బుద్ధి

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో. వారమంతా ఒక ప్రభుత్వ కార్యాలయంలో గణాంకాల గుమాస్తాను, ఆదివారాలు లీగ్ క్రికెట్‌లో స్కోరర్‌ని. నాకు స్కోరు రాయడం నేర్పింది ఇక్బాల్ సాబ్ అనే పెద్దాయన. ఆయన పెన్సిల్ చెక్కడం చూస్తే చాలు, మనిషి ఎంత నిష్ఠగలవాడో అర్థమయ్యేది. మొదటి రోజే నాకొక నియమం చెప్పాడు. "చూడు బాబూ, ప్లేయర్‌తో చాయ్ తాగొద్దు. ఒక్కసారి తాగినవంటే నీ పెన్సిల్ వాడి దిక్కు వంగుతది."

ఆ మాటను నేను వేదవాక్కుగా పట్టుకున్నాను. ఇరవై ఏళ్లు ఒక్క ఆటగాడితోనూ టీ తాగలేదు.

క్రికెట్ స్కోరర్‌కు ఇంకో అలవాటు కూడా వంటబడుతుంది. అక్కడ ప్రతి బంతికీ ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. బంతి అయిపోయింది, చుక్క పెట్టాం, మళ్లీ కొత్త బంతి. మధ్యలో ఆటగాళ్లు బూట్ల లేసులు కట్టుకున్నా, ఆకాశం చూసినా మన పుస్తకంలోకి రావు. ఈ అలవాటు ఎంత లోతుగా దిగబడి ఉందో నాకు న్యూజిలాండ్ వచ్చి పదేళ్లయ్యేదాకా తెలియలేదు.

అరువు పద్ధతి

హామిల్టన్‌లో మొదట ఒక పాల ఫ్యాక్టరీ ల్యాబులో లెక్కలు చూసేవాణ్ణి. రగ్బీ జట్టువాళ్లు పార్ట్ టైం మనిషి కావాలంటే సరదాకొద్దీ వెళ్లాను. రగ్బీ గురించి నాకు తెలిసింది సున్నా. బంతి గుండ్రంగా ఉండదన్నంతవరకే తెలుసు. అయితే తెలియని చోట అడుగుపెడితే నాకు ఒళ్లంతా కళ్లవుతాయి. ఆరు నెలలపాటు భోజనాల దగ్గర కూడా రగ్బీయే మాట్లాడి మా ఆవిడ సుజాతను విసిగించాను.

బడి పిల్లల ఆట చూసి ప్రొఫెషనల్ భవిష్యత్తు చెప్పే పని ప్రపంచంలో ఇంకెవరు చేస్తున్నారని వెతికితే అమెరికావాళ్లు కనిపించారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి అందుకుని ఎదుటివాళ్ల గోడలోకి దూసుకుపోవడమే అతని పని. కాలేజీలో బాగా పరిగెత్తినవాడు పైజట్టులో ఎందుకు చతికిలబడతాడు, మామూలుగా కనిపించినవాడు ఎందుకు నిలదొక్కుకుంటాడు అని అక్కడ బుర్రలు బద్దలు కొట్టుకునేవాళ్లు బోలెడుమంది. దెబ్బ తగిలాక ఇంకా ఎంత దూరం వెళ్లాడు, ఎంతమంది పట్టు విడిపించుకున్నాడు, ఎంత బరువుతో ఎంత వేగం, ఇలా ఉంటాయి వాళ్ల కొలతలు. చదువుతుంటే నాకు పండగలా ఉండేది. మన రగ్బీలోనూ బంతి మోసుకెళ్లి గుద్దుకునేవాళ్లు ఉన్నారు కదా, ఇదే పద్ధతి ఇక్కడికి తెస్తే సరిపోతుందనుకున్నాను.

రగ్బీ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అమెరికావాళ్ల ఆటలో బంతి పట్టుకున్నవాడు కిందపడితే ఈల మోగుతుంది, ఆట ఆగుతుంది. రగ్బీలో ఆగదు. పడినవాడు బంతి వదిలేయాలి, రెండు జట్లూ ఆ బంతి మీద తోపులాడుకుంటాయి, పడినవాడు లేచి మళ్లీ ఆటలో కలవాలి. ఈ తేడా నాకు తెలియదా అంటే తెలుసు. పరీక్షలో అడిగితే రాసేవాణ్ణి. పని చేసేటప్పుడు మాత్రం క్రికెట్ చుక్కా, అమెరికా ఈలా రెండూ కలిసి నా చేత ఒక పని చేయించాయి.

స్కూలు మ్యాచుల వీడియోలు గంటల కొద్దీ వచ్చేవి. అన్నీ చూడటం అయ్యే పని కాదు. అందుకని కంప్యూటరుకు ఒక ఆజ్ఞ ఇచ్చాను. ఫలానా ఆటగాడి చేతికి బంతి రావడానికి రెండు సెకన్ల ముందు మొదలుపెట్టు, అతను నేలకు తగలగానే కత్తిరించు. ఒక్కొక్కరికీ ముప్పై నలభై ముక్కలు వచ్చేవి. నేను ఆ ముక్కలు చూసి అంకెలు రాసేవాణ్ణి.

గ్రాంట్

జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేసే అధికారి గ్రాంట్. ఒకప్పుడు ఆవుల ఫారం నడిపినవాడు. నేను పని చేసిన పైఅధికారుల్లో అందరికంటే మంచివాడు, నాకు అందరికంటే ఎక్కువ చెరుపు చేసినవాడూ అతనే. ఎన్ని పేజీలు రాసి ఇచ్చినా పక్కన పెట్టి, "రావ్, ఒక్క లైనులో చెప్పు" అనేవాడు.

ఒక్క లైనులో చెప్పడం గొప్ప విద్య అనుకుని నేనూ మురిసిపోయాను. రుచి మరిగాను. అందులో ఉన్న ప్రమాదం ఏమిటంటే, ఒక్క లైనులో 'బహుశా' అనే మాటకు చోటుండదు.

అప్పటికే ఒక దెబ్బ తిన్నాను. ఒక కుర్రాడి వేగం తక్కువని కొట్టేశాను. పక్క జట్టువాళ్లు తీసుకున్నారు, మా మీదే ఆడి మమ్మల్ని ఉతికి ఆరేశాడు. వెనక్కి వెళ్లి చూస్తే, మిగతావాళ్లంతా ఎండిన గడ్డి మీద పరిగెత్తిన పరీక్షను అతను వానపడ్డ మర్నాడు బురదలో పరిగెత్తాడు. నా పట్టీలో సెకన్లకు గడి ఉంది, నేలకు గడి లేదు. ఆ మర్నాడే నేలకూ ఒక గడి కలిపి, పాఠం నేర్చుకున్నానని సంబరపడ్డాను. నిజానికి నేర్చుకోవలసింది గడి కలపడం కాదని నాకప్పుడు తట్టలేదు.

టెవిటా

టెవిటా పేరు ఇక్కడ మార్చి రాశాను. పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల నుంచి వచ్చిన కుటుంబం. తల్లి ఒక వృద్ధాశ్రమం లాండ్రీలో పనిచేసేది. కుర్రాడు చదువు చివరి ఏడాదిలో ఉండగానే మేనమామ దగ్గర ఇళ్లు కట్టే పనిలో అప్రెంటిస్‌గా చేరడానికి అన్నీ సిద్ధమయ్యాయి. ఆ సమయంలో అతని ముక్కలు నా తెర మీదికి వచ్చాయి.

చూస్తుంటే నవ్వొచ్చేది నాకు. ముగ్గురు పట్టుకుంటే ముగ్గుర్నీ మోసుకుపోయేవాడు. ఆ అమెరికా కొలతలన్నిట్లోనూ నేనంతకు ముందు చూడని అంకెలు. వయసుకు మించిన ఒళ్లు కాబట్టి బడిలో చెల్లుతోందేమో అన్న అనుమానం రాకపోలేదు. దానికీ సర్దుబాటు చేశాను, తన బరువున్నవాళ్లు ఎదురైన మ్యాచులు విడిగా తీసి చూశాను. అయినా అంకెలు నిలిచాయి.

గ్రాంట్‌కు ఒక్క లైను ఇచ్చాను. "ఐదేళ్లలో నల్ల జెర్సీ వేసుకుంటాడు." నల్ల జెర్సీ అంటే ఈ దేశంలో జాతీయ జట్టు. అంతకన్నా పెద్ద మాట ఇక్కడ లేదు.

ఒప్పందం మీద సంతకాల రోజున కుటుంబానికి మా అంచనా కాగితం ఒకటి ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. టెవిటా ఆ కాగితం పట్టుకుని మేనమామ పని వదిలేశాడు. నేను ఆ రోజు ఆ గదిలో లేను. ఆటగాళ్లు వస్తున్నారంటే నేను పక్క గదిలోకి తప్పుకునేవాణ్ణి. ఇక్బాల్ సాబ్ నియమం.

మొదటి ఏడాది రెండో జట్టులోనే ఆడాడు. అందరూ అంతే కదా అనుకున్నాం. రెండో ఏడాది సగమయినా అక్కడే ఉన్నాడు. బంతి పట్టుకున్నప్పుడు బాగానే మోస్తున్నాడు, కానీ అతనున్న జట్టు ఓడిపోతోంది. కోచ్‌లు "వర్క్ రేట్ పెంచు, వర్క్ రేట్ పెంచు" అని అరిచేవారు, ఆటలో ఇంకా ఎక్కువసార్లు కలబడమని వాళ్ల ఉద్దేశం. ఎందుకలా అవుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. నాకు కుతూహలం ఒక జబ్బు లాంటిది, పట్టుకుంటే వదలదు.

కత్తిరించిన చోట

ఒకరోజు కంప్యూటరు మొరాయించి ముక్కలు కోయడం మానేసింది. మ్యాచ్ మొత్తం ఆగకుండా ఆడుతోంది. ఆపే ఓపిక లేక టీ పెట్టుకోవడానికి లేచాను. కప్పుతో తిరిగి వచ్చేసరికి తెర మీద టెవిటా పడి ఉన్నాడు. బంతి అతన్ని దాటి వెళ్లిపోయింది, ఆట మైదానం అవతలి కొసకు చేరింది. కెమెరా అంచున అతను తాపీగా మోకాళ్ల మీద లేచి, నడుచుకుంటూ పక్కకు వెళ్తున్నాడు.

టీ అక్కడే పెట్టి స్టాప్‌వాచ్ తీశాను. పడ్డప్పటి నుంచి లేచేదాకా నాలుగు సెకన్లు. తర్వాత పడ్డప్పుడూ నాలుగు. మిగతావాళ్లు ఒకటిన్నరలో, రెండులో లేస్తున్నారు. అతను ఆడిన స్కూలు మ్యాచుల పూర్తి వీడియోలు తవ్వి తీశాను. అక్కడా నాలుగే. రెండేళ్లుగా ఇది నా కళ్ల ముందే ఉంది, నేనే ప్రతిసారీ ఆ క్షణానికి ముందు కోసి పారేశాను. పెద్ద జట్లలో నాలుగు సెకన్లంటే ఎదుటివాళ్లు పదిహేను మంది, మనం పద్నాలుగు మంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజు నాకు బాధ కలగలేదు. సంతోషం కలిగింది. ఎవరికీ దొరకనిది నాకు దొరికిందన్న సంతోషం. ఇంటికి వెళ్లి సుజాతకు చేతులూపుతూ చెప్పాను. ఆమె పప్పులో పోపు పెడుతూ అంతా విని, "మరి ఎందుకు లేస్తలేడట?" అని అడిగింది.

"బద్ధకం" అన్నాను.

"ఫోన్ జేసి అడగొచ్చు గదా పిలగాణ్ణి."

"నేను ప్లేయర్లతో మాట్లాడను, నీకు తెల్వదా?"

ఆ సంతోషంలోనే రిపోర్టు రాశాను. సెకన్లన్నీ వరసగా పెట్టి, చివర గ్రాంట్‌కు కావలసిన ఒక్క లైను కూడా ఇచ్చాను. "పని మీద ఇష్టం లేదు, బద్ధకస్తుడు, మారడు." సెకన్లు నిజమే. ఆ లైనులో ఉన్న మూడు మాటలకూ నా దగ్గర ఒక్క ఆధారం లేదు. నాలుగు సెకన్లలోంచి మనిషి స్వభావాన్ని పిండాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఇంకేం మరిచిపోయినా ఈ ఒక్క పేరా గుర్తుపెట్టుకుంటే చాలు.

సీజను చివర టెవిటాతో ఒప్పందాన్ని జట్టు కొనసాగించలేదు. కారణంగా నా చివరి లైను ఒక్కటే ఎత్తి రాసిన కాగితం అతని చేతికిచ్చారు.

మా గరాజ్‌లో

జట్టు వదిలి వెళ్లే ఆటగాడు తన వీడియోలు అడిగి తీసుకోవచ్చు, వేరే జట్లకు పంపుకోవడానికి. టెవిటా అడిగాడు. అసలు ఫైళ్లు మా ఇంటి గరాజ్‌లోని కంప్యూటరులో ఉన్నాయి. పంపించేద్దామంటే మరీ పెద్దవి. ఆఫీసు అమ్మాయి నన్ను అడక్కుండానే మా అడ్రసు ఇచ్చేసింది. అలా ఒక శనివారం మధ్యాహ్నం అతను మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తలుపు నిండిపోయింది. బూట్లు బయటే విప్పి, వంగి లోపలికి వచ్చి, "హలో అంకుల్, హలో ఆంటీ" అన్నాడు. వాళ్లలోనూ పెద్దవాళ్లను అలాగే పిలుస్తారట. సుజాత అతణ్ణి ఒక్క చూపు చూసి వంటింట్లోకి వెళ్లి ఇంకో గ్లాసు బియ్యం కడిగింది.

ఫైళ్లు కాపీ కావడానికి గంట పట్టేట్టుంది. అతని పాత స్కూలు మ్యాచ్ ఒకటి పెట్టాను, కొయ్యని వీడియో. ఇద్దరం చూస్తున్నాం. పడ్డాడు. నాలుగు సెకన్లు. మళ్లీ పడ్డాడు. నాలుగు సెకన్లు. మూడోసారి ఇక ఉండబట్టలేక వీడియో ఆపి అడిగేశాను.

"ఇక్కడ ఎందుకు లేవలేదు నువ్వు?"

అతను నా వంక ఆశ్చర్యంగా చూశాడు. "లేవకూడదు కదా అంకుల్. స్కూల్లో కోచ్ చెప్పాడు."

"ఏమని?"

"నువ్వు పడ్డాక బంతి దగ్గరికి రాకు, అది మిగతావాళ్ల పని. నువ్వు ఊపిరి తీసుకో. పక్కకు వెళ్లి తర్వాతి పిలుపు కోసం ఆగు. నీ పని మోయడం ఒక్కటే అన్నాడు. పదమూడేళ్లప్పటి నుంచి అలాగే ఆడుతున్నా."

"మరి ఇక్కడ మన కోచ్‌లు వర్క్ రేట్ పెంచమన్నారు కదా?"

"పెంచాను కదా. రోజూ తెల్లవారకముందే లేచి నది పక్కన పది కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణి. ఇంకా పెంచు అన్నారు. జిమ్‌లో ఇంకో గంట చేశాను."

పడ్డాక త్వరగా లేవమని అతనికి ఎవరూ చెప్పలేదు. కోచ్‌లకు ఆ నాలుగు సెకన్లు విడిగా కనిపించలేదు. కనిపించిన ఒకే ఒక్క మనిషిని నేను, నేను చెప్పింది గ్రాంట్‌కు. పడ్డాక లేవకుండా ఉండటం కూడా అతను నేర్చుకుని, చెప్పినట్టు చేసిన పనే. అంటే బద్ధకం కాదు, విధేయత. అలాంటివాడికి ఇంకోటి నేర్పడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఒక నెల?

"నన్ను ఎవరైనా ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి అంకుల్" అన్నాడతను. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

భోజనంలో రెండుసార్లు కోడికూర అడిగి వేయించుకున్నాడు. సుజాతకు చాలా నచ్చాడు.

మూడో లైను

సోమవారం పొద్దున్నే గ్రాంట్ ముందు కూర్చుని అంతా చెప్పాను. అతను కిటికీలోంచి మైదానం వైపు చూస్తూ విన్నాడు.

"పేర్లు ఖరారైపోయాయి రావ్. ఆ చోటు ఇంకొకడికి ఇచ్చేశాం."

"తప్పు నాది."

"నీ మొదటి లైను నమ్మాను. రెండో లైను నమ్మాను, గదిలో అందరికీ చదివి వినిపించాను. ఇప్పుడు మూడోది నమ్మమంటున్నావు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్న బాపతు నాది. అయినా గ్రాంట్ మంచివాడని ముందే రాశాను. ఇన్వర్‌కార్గిల్‌లో ఒక చిన్న జట్టు కోచ్ అతనికి తెలుసు. ఫోన్ చేసి, ఈ కుర్రాణ్ణి ఆరు వారాలు చూడు, పడ్డాక ఎలా లేవాలో నేర్పు అన్నాడు. అంతకుమించి అతను చేయగలిగింది లేదు. ఆ ఆరు వారాల్లో తేలకపోతే టెవిటాకు ఇక ఏ జట్టూ ఉండదు. మేనమామ దగ్గరి అప్రెంటిస్ చోటు ఎప్పుడో ఇంకొకరికి వెళ్లిపోయింది.

ఆరో వారం మ్యాచ్ చూడటానికి నా సొంత సెలవు పెట్టుకుని వెళ్లాను. దేశానికి ఆ కొస అది. చలి ఎముకల్లోకి దిగుతుంది. నిజామాబాద్ నుంచి వచ్చి అక్కడి పాలిటెక్నిక్‌లో చదువుతున్న పిల్లల ఫ్లాట్‌లో దిగాను. రగ్బీ చూడటానికి ఇంత దూరం వచ్చిన తెలుగాయన్ని వాళ్లు కాస్త జాలిగా చూశారు.

స్టాప్‌వాచ్ జేబులో పెట్టుకుని గీత పక్కన నిలబడ్డాను. మొదటిసారి పడ్డాడు, స్ప్రింగులా లేచాడు. రెండోసారి, మూడోసారి కూడా అంతే. కానీ రెండో సగానికి అతని కాళ్లు బరువెక్కాయి. ప్రతిసారీ లేచి పరిగెడుతుంటే బంతి మోసే శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? ముగ్గుర్ని ఈడ్చుకుపోయే ఆ పాత ఊపు లేదు, ఒక్కడు పట్టుకుంటేనే పడిపోతున్నాడు. నా పాత పట్టీలో వేస్తే ఆ రోజు అతనికి పాస్ మార్కులు రావు. అతని జట్టు మాత్రం గెలిచింది.

మ్యాచ్ అయ్యాక అక్కడి కోచ్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "లెక్కల మనిషివి నువ్వేనట కదా. వీడు నిలబడతాడా?"

ఇలాంటి ప్రశ్నకు అంతకు ముందెప్పుడూ నేను రెండో ఊపిరి తీసుకోకుండా జవాబు చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం, "నాకు తెలియదు. అతనికేం చెప్పారో అది చేస్తాడు. ఏం చెప్పాలన్నది మీ చేతుల్లో ఉంది" అన్నాను. అది ఒక్క లైను కాదు. కానీ నా ఉద్యోగ జీవితంలో ఇచ్చిన మంచి రిపోర్టు అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

టెవిటా అక్కడ మూడు సీజన్లు ఆడాడు. నల్ల జెర్సీ వేసుకోలేదు. మోకాలు దెబ్బతిన్నాక అక్కడే ఇళ్లు కట్టే పనిలో చేరాడు, ఆలస్యంగా, తనకన్నా చిన్నవాళ్ల పక్కన. ఐదేళ్లలో జాతీయ జట్టు అన్న నా మొదటి జోస్యం తప్పు. మారడన్న రెండోదీ తప్పు. మొదట్నించీ ఆ నాలుగు సెకన్లు నేర్పి ఉంటే ఎంత దూరం వెళ్లేవాడు? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. దీనికి జవాబు చెప్పే మోడల్ లేదు, ఉందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆవిడ అడిగింది

నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు ఒక స్కూలు మైదానంలో ట్రైపాడ్ మీద కెమెరా బిగిస్తున్నాను. శనివారం ఉదయం, సన్నగా జల్లు. గొడుగు పట్టుకున్న ఒకావిడ నా పక్కకు వచ్చి నిలబడింది.

"మీరు మిస్టర్ రావే కదా? నేను టెవిటా అమ్మను."

బాగున్నారా అన్నాను.

"మీ మొదటి కాగితం మా ఫ్రిజ్ మీద ఏడాదిన్నర ఉంది. వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించేదాన్ని. రెండోది వాడు నాకు చూపించలేదు. బట్టలు ఉతకడానికి తీస్తుంటే బ్యాగులో దొరికింది. బద్ధకస్తుడు అని రాశారు. తెల్లవారకముందే వాడు లేచి వెళ్తుంటే తలుపు వేసుకునేది నేను."

"ఆ మాట తప్పు. దిద్దుకున్నాను" అన్నాను.

"ఎక్కడ దిద్దారు?"

నేను దిద్దింది గ్రాంట్ గదిలో, నోటిమాటగా. కాగితం మీద ఆ లైను అలాగే ఉంది. ఆవిడ నా ముఖంలోకి చూసి ఆ సంగతి గ్రహించింది. ఆ సోమవారమే దానికి సవరణ రాసి, ఫైలులో పెట్టి, ఒక ప్రతి ఆవిడకు పంపాను. అన్ని సీజన్లు గడిచాక.

అప్పటికి ఆటగాళ్లు మైదానంలోకి వస్తున్నారు. ఆవిడ గొడుగు కొనతో ఒకణ్ణి చూపించింది. పదహారేళ్లుంటాయి, అన్నకున్నంత ఒళ్లు లేదు, నడక మాత్రం అచ్చం అన్నదే.

"మా చిన్నవాడు. మీరు వచ్చింది వీడి కోసమే అని కోచ్ చెప్పాడు."

నిజమే. ఆ రోజు నా జాబితాలో మొదటి పేరు అతనిది.

"మీ మీద నాకు కోపం లేదు మిస్టర్ రావ్. ఇన్వర్‌కార్గిల్ దాకా వెళ్లారని టెవిటా చెప్పాడు. కానీ ఒక్కటి అడుగుతాను. వీడి గురించి ఏమీ రాయకండి. మంచిగా కూడా రాయకండి."

కెమెరా విప్పి ట్రైపాడ్ మడిచాను. జాబితాలో ఆ పేరు కొట్టేసి, ఈ ఆటగాణ్ణి నేను చూడను, వేరేవాళ్లను పంపండి అని గ్రాంట్‌కు కబురు పెట్టాను. కారు దాకా వెళ్లి కెమెరా లోపల పెట్టేసి, మళ్లీ వెనక్కి వచ్చాను. ఆవిడ గొడుగు కాస్త నా వైపు జరిపింది. ఇద్దరం చివరిదాకా నిలబడి చూశాం.

ఆ కుర్రాడు ఎలా ఆడాడని మాత్రం నన్ను అడగకండి.